ఆరు మూలల పలకలు

సాల్వాలో విల్లా పని. మూడో బాత్రూమ్‌కి
ఆరు మూలల పలకలు దించారు.
నూట అరవై మిగులని లెక్కలో రాశాను.
అబద్ధమే. నెలాఖరు దాకా అప్పు.

ఆ ఇంటి కుర్రాడు పారేసిన అట్టపెట్టెలో
నీళ్లకు ఉబ్బిపోయిన యుద్ధపటం.
బాగున్నవి రెండే:
నియమాల పుస్తకం, ఒక జత పాచికలు.
పీరాంసా ఇంటర్ తప్పినవాడు,
అయినా ఇంగ్లీషు ధైర్యంగా చదువుతాడు.
"కూత్ అంట. బస్రా దాటి పైకి, టైగ్రిస్ ఒడ్డున.
నూరేండ్ల పైమాట. లోపల చిక్కినోళ్లలో
ఎక్కువమంది మనోళ్లే."
"మనోళ్లంటే?"
"తెల్లోడి జీతానికి సముద్రం దాటినోళ్లు."

జిలీబ్‌లో మా మేడ మీద, డిష్ గొడుగుల నడుమ,
పలక పక్కన పలక పేర్చాను.
చేతి అలవాటు ఊరుకోదు:
సందు రెండు మిల్లీమీటర్లు, దారం పట్టినట్టు వరస.
యుద్ధభూమికి లెవెల్ చూసినవాణ్ణి
నేనొక్కణ్ణేనేమో.
నదికి నీలం ఇన్సులేషన్ టేపు.
ఊరిని మూడు వైపులా చుట్టి పోయింది.
నాలుగో వైపు పీరాంసా.

వాడివి లబన్ సీసా మూతలు,
నావి ఖర్జూరం గింజలు.
ఒక ఎత్తు ఒక వారం. చరిత్రలో
ఇరవై ఒక్క వారాలు నిలిచారట;
ఇరవై రెండోది నేను చూస్తే గెలిచినట్టు.

రెండు శుక్రవారాలు ఓడిపోయాను.
కింది నుంచి వచ్చే సాయం బురదలో ఆగుతుంది,
కదలాలంటే ఆరూ ఆరూ పడాలి.
విమానం సంచులు జారవిడిచే నియమం ఒకటుంది,
బేసి పడితే పిండి నదిపాలు.
పడేది బేసే.
పీరాంసా పాచిక ఊది వేస్తాడు, అదో రోగం.

మూడో శుక్రవారం మెస్సు వంట ముగించుకుని
ఓబులేసు ఎక్కొచ్చాడు, చేతులకింకా ఉల్లి వాసన.
కూత్ అంటే కూడు అనుకున్నాడు ముందు.
ట్యాంకుకి ఆనుకుని చాలాసేపు చూశాడు.
"ఈ గింజలు ఎవురు?"
"సిపాయిలు."
"మరి వీళ్లకు వండేదెవురు?"

పీరాంసా పుస్తకం అటు నుంచి ఇటు తిరగేశాడు.
చివరి పుటలో, చీమ తలకాయంత అక్షరాల్లో:
వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, గుర్రాల కాపర్లు,
మూడు వేల పైచిలుకు.
ఆటలో వీరికి బిళ్లలు లేవు.
"తిండిలో?"
దానికి పుస్తకం నోరు విప్పలేదు.

ఓబులేసు కిందికి దిగి గుప్పెడు కందిపప్పు తెచ్చాడు,
ఖర్జూరం గింజల సందుల్లో పోశాడు.
ఇవి కదలవు, కాల్చవు. తింటాయి అంతే.
నా గోధుమల లెక్క మళ్లీ వేసుకున్నాను
సిగరెట్ పెట్టె వెనకాల, రెండుసార్లు.
పీరాంసా ఊదడం మానేశాడు.

పదమూడో వారం గుర్రాల్ని కోయమంది పుస్తకం.
సిపాయిలు తింటారా తినరా, పాచిక వేయాలి.
చెయ్యి చాపాను.
"తినేదీ తిననిదీ తర్వాత," అన్నాడు ఓబులేసు.
"వండేవాణ్ణి అడిగినారా?"
కింద రోడ్డు మీద నీళ్ల లారీ వెనక్కి తీస్తోంది,
బీప్, బీప్. అది ఆగేదాకా
ఎవరమూ మాట్లాడలేదు.
పాచిక నా గుప్పిట్లోనే చెమర్చింది.

పదిహేనో వారానికి ఊరు పోయింది.
పీరాంసా గెలిచి, మూతలు జేబులో వేసుకుని,
టీ పెట్టనా అన్నాడు.
ఓబులేసు ఒంగి పప్పు గింజ గింజా ఏరుకున్నాడు,
రేపటి సాంబారులోకి. ఒకటి సందులో ఇరుక్కుంటే
అగ్గిపుల్లతో తీశాడు.

నెలాఖరున పలకలు సాల్వా చేరాయి.
గోడ పూర్తయింది. నేల పూర్తయింది.
జాలీ వైపు వాలు నేనే ఇచ్చాను,
ఒక చుక్క నిలవదు.
ఒక పలక తగ్గిందని ఫోర్‌మన్ అంటే
పగిలిందన్నాను.

అది ఓబులేసు పొయ్యి పక్కనుంది.
వేడి గరిటె దాని మీద పెట్టుకుంటాడు.